సముద్రం తెచ్చిన సభాపతి

ముఖాన చల్లని నీళ్ళు పడటంతో శౌర్యకేతు కళ్ళు తెరిచాడు.

వీపు కింద తడి ఇసుక. గుప్పిట్లో ఇంకా పగిలిన పడవ చెక్క ఒకటి. నెత్తిమీద పొద్దుటెండ. నిన్నటి తుపానులో తన పడవ ముక్కలు కావడం, కొండంత కెరటం తనను ఎత్తి విసిరేయడం అతడికి లీలగా గుర్తుకొచ్చాయి. లేచి కూర్చున్నాడు. చుట్టూ చూశాడు.

ఒడ్డంతా జనం! ఆడా మగా, ముసలీ ముతకా, చంకన బిడ్డలతో తల్లులూ, భుజాన వలలతో జాలరులూ అతడి చుట్టూ వలయంగా నిలబడి రెప్పవేయకుండా చూస్తున్నారు. వారి వెనక పగడపు రాళ్ళ గుట్టలు ఉదయపు వెలుగులో ఎర్రగా మెరుస్తున్నాయి. గుట్టల మీద పోకచెట్లు గాలికి వంగి లేస్తున్నాయి. తెల్లని సముద్రపక్షులు గుంపులు గుంపులుగా ఎగురుతూ ఆ దీవికి గొడుగు పట్టినట్టున్నాయి.

గుంపులోంచి ఒక నడివయసు స్త్రీ ముందుకు వచ్చింది. నుదుట రూపాయంత బొట్టు, మెడలో శంఖాల పేరు.

"నాయనా, నీకు ఈ దీవిలో చుట్టాలెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

"లేరమ్మా."

"అత్తగారి వైపు? మేనత్త వైపు? పోనీ, మీ తాతకు తెలిసినవాళ్ళు?"

"ఈ దీవి పేరే నాకు తెలియదు. చుట్టాలెలా ఉంటారు?" అన్నాడు శౌర్యకేతు విసుగ్గా.

అంతే! జనమంతా ఒక్క పెట్టున కేకలు వేశారు. డప్పులు మోగాయి. నలుగురు బలిష్ఠులు వచ్చి అతడి రెక్కలు పట్టుకున్నారు.

పరదేశిని పట్టి అమ్మవారికి బలి ఇచ్చే దీవుల గురించి శౌర్యకేతు చిన్నప్పుడే విని ఉన్నాడు. వెంటనే ఒకణ్ణి మోచేత్తో పొడిచాడు. మరొకణ్ణి భుజం మీదుగా ఎత్తి నీళ్ళలోకి విసిరాడు. మొలలోని బాకు దూసి, ఒక్క గెంతులో పక్కనున్న రాతిగుట్ట ఎక్కాడు. "దగ్గరికొస్తే ప్రాణాలు తీస్తాను!" అని గర్జించాడు.

జనానికి కోపం రాలేదు. పైగా ముచ్చటపడ్డారు!

"బాగా గింజుకుంటున్నాడు. మంచివాడే!" అంది ఒక ముసలమ్మ.

మరుక్షణంలో ఎక్కడి నుంచో ఒక పెద్ద వల వచ్చి అతడి మీద పడింది. ఉచ్చులో పడిన పులిలా పెనుగులాడుతున్న శౌర్యకేతును జనం పాటలు పాడుకుంటూ, వలతో సహా గుట్ట మీదికి ఈడ్చుకుపోయారు.

గుట్ట నడుమ ఒక మహా గుహ ఉంది. ఏ శిల్పి చేయీ పడకుండానే పగడపు రాయి స్తంభాలుగా, తోరణాలుగా, పువ్వుల గుత్తులుగా పెరిగి ఆ గుహను రాజమందిరంలా తీర్చింది. పైకప్పులోని బిలాల గుండా ఎండ బంగారు తీగల్లా దిగుతోంది. ఒక మూల, గోడలోని గూటిలో నీలాల రాశిలా వెలిగే శంఖం ఒకటి ఉంది. దాని నోటిలోంచి సన్నని నీటిధార అలుపు లేకుండా కింది కొలనులోకి పడుతోంది.

ఆ శంఖాన్ని చూడగానే శౌర్యకేతు గింజుకోవడం మరిచాడు. నీలశంఖం! తాను ఇల్లూ వాకిలీ వదిలి ఏ శంఖం కోసం ఏడు తీరాలు తిరిగాడో, అదే!

మేఘగిరి యువరాజు శౌర్యకేతుకు హేమలేఖ అని ఒక్కగానొక్క చెల్లెలు. కంకాళభద్రుడనే మాంత్రికుడు ఆమెను పెళ్ళాడతానని వచ్చి, కాదనిపించుకుని, ఆ కసితో ఆమెను నల్లరాతి బొమ్మగా మార్చి మాయమయ్యాడు. అడ్డుపడి పెనుగులాడిన శౌర్యకేతు కత్తి ఆ మాంత్రికుడి ఎడమచేతి చిటికెన వేలును మాత్రం తెగ్గొట్టగలిగింది. నీలశంఖం పలికితే చాలు, కంకాళభద్రుడి మాయలన్నీ పటాపంచలవుతాయని ఒక ముని చెప్పాడు. ఆ మాట పట్టుకుని బయలుదేరిన యువరాజు ఇప్పుడిలా వలలో పడి ఆ శంఖం ఎదుటికే వచ్చాడు.

బలిపీఠం ఎక్కడా కనబడలేదు. జనం అతణ్ణి ఒక పెద్ద ఆల్చిప్ప పీఠం మీద కూర్చోబెట్టి వల తీశారు. బాకు లాక్కున్నారు. చేతిలో ఒక వెండి పొన్ను వేసిన కోల పెట్టారు. తర్వాత, ఆశ్చర్యం! అందరూ వంగి నమస్కరించి, బుద్ధిమంతుల్లా వరుసగా కింద కూర్చున్నారు.

"ఏమిటమ్మా ఇదంతా? నన్నేం చేయబోతున్నారు?" అని మెడలో శంఖాల పేరు ఉన్న స్త్రీని శౌర్యకేతు అడిగాడు. ఆమె పీఠం పక్కనే నిలబడింది.

"చేసేశాం నాయనా. నువ్విప్పుడు శుక్తిద్వీపానికి సభాపతివి," అంది ఆమె. "నా పేరు వలంధరమ్మ. సభ వాకిలి కాసేదాన్ని. పీఠం మీదున్నవాళ్ళకి మర్యాదలు చెప్పేదాన్ని కూడా నేనే."

"సభాపతినా? మీ రాజు ఏమయ్యాడు?"

"మాకు రాజెక్కడ! వెనకటికెప్పుడో ఒకడుండేవాడట. నీటిగుర్రాన్ని పట్టుకొస్తానని పడవెక్కి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. అప్పటినుంచీ రేవుకొకరు, తోటకొకరు వచ్చి ఇక్కడ కూర్చుని, మాట్లాడుకుని, గవ్వలు వేసుకుని, ఎక్కువ మంది ఏదంటే అది చేసుకుంటున్నాం."

రాజు నోటిమాటే శాసనమైన రాజ్యంలో పుట్టి పెరిగిన శౌర్యకేతుకు ఇది వింతగా తోచింది. "మరి ఇంతమందిలో ఒకణ్ణి సభాపతిగా పెట్టుకోకుండా, దారినపోయేవాణ్ణి ఈడ్చుకురావడమెందుకు?"

వలంధరమ్మ నవ్వింది. "చిన్న దీవి నాయనా! ఇక్కడ అందరూ అందరికీ చుట్టాలే. మేనమామ మాట్లాడుతుంటే మేనల్లుడు ఆపగలడా? కోడల్ని కూర్చోమంటే ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలుగుతుందా? అందుకని సముద్రం తెచ్చినవాణ్ణే కూర్చోబెడతాం. నీకు ముందున్నాయన ఒక ఓడలో వంటవాడు. మొన్న పున్నమికి కాలం చేశాడు. అప్పట్నుంచీ సభ లేదు. మాటల్తో తేలాల్సినవన్నీ రేవుల్లో కర్రల్తో తేలుతున్నాయి."

"గింజుకున్నందుకు మెచ్చుకున్నారేం?"

"పీఠం కోసం ఉబలాటపడేవాణ్ణి మేం కూర్చోబెట్టం."

శౌర్యకేతుకు నవ్వొచ్చింది. దానితోపాటు కుతూహలమూ పెరిగింది. "అయితే నేను ఆజ్ఞలు జారీ చేయవచ్చునన్నమాట!"

"అబ్బే, ఒక్కటి కూడా కుదరదు," అంది వలంధరమ్మ. "నీ అభిప్రాయం చెప్పకూడదు. ఒకరి పక్షాన మాట్లాడకూడదు. అడిగినవాళ్ళందరికీ వంతు ప్రకారం ఆ పలుకుకోల చూపించాలి. కోల తమవైపు తిరిగినప్పుడే ఎవరైనా మాట్లాడాలి. మాట్లాడేవాళ్ళు ముందు సభకు రెండు చేతులా దణ్ణం పెట్టాలి. ఎవరైనా మర్యాద తప్పితే సరిచెయ్యి. తీర్పు చెప్పేదాకా పీఠం దిగకు."

"ఇంత పెద్ద పీఠమెక్కించి నోరు కట్టేశారే!"

"అందరి నోళ్ళూ తెరవాలంటే ఒక్కడి నోరన్నా కట్టెయ్యాలి కదా," అని ఆమె మెడలోని శంఖం ఒకటి తీసి ఊదింది. సభ మొదలైంది.

తొలుత లేచినవాడు తూర్పురేవు పెద్ద, తెరచాపల గురవన్న. గట్టి మనిషే కాని కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. కోల తనవైపు తిరగగానే దణ్ణం పెట్టి అన్నాడు:

"అయ్యా సభాపతీ! మా రేవు మొగలో కడలినాగు చేరి ఏడాది అవుతోంది. పడవ కనబడితే చాలు, మింగేస్తోంది. నా కొడుకు వీరస్వామి పోయాడు. వాడి వెంట వెళ్ళినవాళ్ళూ పోయారు. ఇప్పుడు దేవుడు పంపినట్టు మధుకంఠ వైద్యుడు వచ్చాడు. నాగును మంత్రించి తోలేస్తానంటున్నాడు. అందుకు ఆ నీలశంఖం అడుగుతున్నాడు. ఇచ్చేద్దాం. ప్రాణాల కంటే శంఖం ఎక్కువా?"

"నీళ్ళు లేకుండా ప్రాణాలు నిలుస్తాయిట్రా?" అని ఒక ముసలమ్మ గబుక్కున లేచింది. ఆమె పోకతోటల పెద్ద పాపమాంబ. గురవన్నకు స్వయానా అక్క. "దీవి మొత్తానికి తియ్యనీళ్ళు అదొక్కటే! అది పోతే తోటలు ఎండుతాయి, మనమూ ఎండుతాం!"

"నీ తోటలు నీకు! నా కొడుకు నాకు!" అని అరిచాడు గురవన్న.

"వాడు నా చేతుల్లో పెరిగినవాడు కాదుట్రా? నాకు లేదూ ఆ ఏడుపు?"

ఇద్దరి వెనకా ఉన్నవాళ్ళు లేచారు. అరుపులతో గుహ దద్దరిల్లింది. ఒకడు మరొకడి తలపాగా లాగాడు. వలంధరమ్మ శౌర్యకేతు వైపు చూసింది.

కత్తి పట్టి సైన్యాలను నిలబెట్టినవాడు శౌర్యకేతు. చేతిలో ఉన్నది కోల ఒక్కటే. దాన్ని ఎత్తి, పీఠం అంచున ఠంగుమని కొట్టాడు. ఆల్చిప్ప గంటలా మోగింది. మోత అణగేసరికి అరుపులు కూడా అణిగాయి.

"అమ్మా పాపమాంబా," అన్నాడు శౌర్యకేతు నెమ్మదిగా, "మీ వంతు తప్పక వస్తుంది. గురవన్న మాట పూర్తి కాలేదు. ఆయన్ను చెప్పనివ్వండి."

ముసలమ్మ గొణుక్కుంటూ కూర్చుంది. గురవన్న మాత్రం, "నేను చెప్పాల్సింది అంతేనయ్యా," అని కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత కోల పాపమాంబ వైపు తిరిగింది. ఆమె దణ్ణం పెట్టి, ఈసారి అరవకుండా, నీళ్ళ సంగతి వివరంగా చెప్పింది. దీవి జనం మనసారా ఇస్తే తప్ప ఆ శంఖం ఎవరి చేతిలోనూ పలకదనీ, దొంగిలిస్తే నిప్పై కాలుస్తుందనీ తన తాతలు చెప్పిన మాట కూడా చెప్పింది. జనం వింటున్నారు. తన నోటి నుంచి ఆజ్ఞ ఒక్కటి రాకుండానే సభ సద్దుమణగడం చూసి యువరాజు విస్తుపోయాడు.

అప్పుడు వెనక వరుసలోంచి వైద్యుడు లేచాడు. వెన్నలాంటి తెల్లని గడ్డం, పట్టు శాలువా, పెదవుల మీద చెరగని చిరునవ్వు. కోల తనవైపు తిరగగానే కుడిచేయి ఒక్కటే నుదుటికి ఆనించి, "సభాసదులారా..." అని తేనెలొలికే గొంతుతో మొదలుపెట్టాడు.

"ఆగండి," అన్నాడు శౌర్యకేతు. "సభకు రెండు చేతులా నమస్కరించాలి."

"ఎడమచేయి వాతంతో పడిపోయింది సభాపతీ."

"అదేమిటి! మొన్న మా ఇంట్లో రెండు చేతులా పనసతొనలు తిన్నావుగా?" అంది ఎవరో ఆడమనిషి. సభ గొల్లున నవ్వింది.

వైద్యుడి చిరునవ్వు చెదిరింది. మెల్లగా శాలువాలోంచి ఎడమచేయి తీసి జోడించాడు. చిటికెన వేలు లేదు!

శౌర్యకేతు నరాల్లో నెత్తురు సలసల మరిగింది. కంకాళభద్రుడు! ఇంత దగ్గరగా, చేతికందేంత దూరంలో! పీఠం మీదినుంచి దూకి వాడి కంఠం నులమాలన్న కసి ఉవ్వెత్తున లేచింది. "వీడు మాంత్రికుడు!" అని కేక గొంతుదాకా వచ్చింది.

"అమ్మా, సభాపతికి ఒక నిజం తెలిస్తే చెప్పకూడదా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"పీఠం దిగి చెప్పుకోవచ్చు. అప్పుడు సభ చెదిరిపోతుంది. ఎవరి కర్ర గట్టిదైతే వాళ్ళే శంఖం పట్టుకుపోతారు," అంది వలంధరమ్మ. "అయినా తుపానుకు కొట్టుకొచ్చి పూటైనా కాలేదు, నీ మాట ఎవరు నమ్ముతారు?"

అదీ నిజమే. శౌర్యకేతు పళ్ళు బిగించి కూర్చున్నాడు. శత్రువు తన ఎదుటే నిలబడి కడలినాగును తోలే మంత్రం గురించీ, తాను తవ్వబోయే కొత్త ఊటల గురించీ తియ్యతియ్యగా చెబుతుంటే, కోల అటే చూపిస్తూ చివరిదాకా విన్నాడు. జీవితంలో అంత కష్టమైన యుద్ధం అతడు చేయలేదు.

ఇద్దరు స్త్రీలు రెండు కుండలు తెచ్చి సభ నడుమ పెట్టారు. శంఖం ఇవ్వాలనేవారు తెల్లకుండలో, ఇవ్వకూడదనేవారు నల్లకుండలో గవ్వ వేయాలి. ఒక్కొక్కరే లేచి వెళ్ళి వేశారు. వలంధరమ్మ రెండు కుండలూ చాపమీద వేరువేరు కుప్పలుగా బోర్లించి, కుప్పకొకటి చొప్పున గవ్వలు జత జతగా పక్కకు తీసింది. చివరికి చాపమీద ఒంటరి గవ్వ ఒక్కటి కూడా మిగలలేదు.



"సరిసమానం," అంది వలంధరమ్మ. "ఇప్పుడు నీకు ఒక గవ్వ ఉంది, నాయనా." అని అతడి అరచేతిలో ఒక పసుపు గవ్వ పెట్టింది.

అదే క్షణంలో శౌర్యకేతు చెవిలో, ఈగ రొదలా, మరెవరికీ వినబడని గొంతు ఒకటి పలికింది. "యువరాజా! నిన్ను గుర్తుపట్టాను. ఆ గవ్వ తెల్లకుండలో వేయి. శంఖం నా చేతికి వచ్చిన మరుక్షణం నీ చెల్లెలు లేచి నవ్వుతుంది. నల్లకుండలో వేశావా, అది ప్రళయందాకా రాయే!"

హేమలేఖ రాతిముఖం అతడి కళ్ళముందు మెదిలింది. ఆ రాతి పెదవులు సగం తెరుచుకుని ఉంటాయి. "అన్నయ్యా" అనబోతూ ఆగిపోయినట్టు.

"అమ్మా," అన్నాడు అతడు, "సభాపతి గవ్వకు ఏదైనా మర్యాద ఉందా?"

"ఉంది. ఉన్నదాన్ని మార్చడానికి ఆ గవ్వ పడకూడదు. దీవిని మార్చాలంటే దీవి జనమే మార్చుకోవాలి. వాళ్ళు సగం సగమైతే, ఇంకా తేల్చుకోలేదన్నమాట. తేల్చుకునేదాకా ఉన్నది ఉన్నట్టు కాపాడటమే నీ పని."

"సభాపతికి కూడా ఆ విషయంలో ఏదైనా ఆశ ఉంటే?"

వలంధరమ్మ రెండు కుండలూ అతడి పీఠం ముందుకు జరిపింది. "ఆశ నీది, నాయనా. గవ్వ దీవిది."

శౌర్యకేతు చేయి చాచాడు. మాంత్రికుడి కళ్ళు నిప్పుకణాల్లా వెలిగాయి. పసుపు గవ్వ నల్లకుండలో పడి టక్కుమంది.

"నీలశంఖం ఉన్నచోటే ఉంటుంది," అన్నాడు శౌర్యకేతు. "కడలినాగు మాట తేలలేదు. దాన్ని..."

"మూర్ఖుడా!" అన్న అరుపుకు గుహ కప్పు నుంచి పగడపు పెళ్ళలు రాలాయి. వైద్యుడి తెల్లగడ్డం పొగై ఎగిరిపోయింది. పట్టు శాలువా చీలి రెండు నల్లని రెక్కలయింది. ఏనుగంత రాబందు ఒకటి సభ మీద గిరికీలు కొట్టింది. "నాకు దక్కనిది నీకూ దక్కదు! దీన్ని పాతాళంలో పారేస్తాను!" అంటూ ఒక్క ఊపున గూటిలోని శంఖాన్ని గోళ్ళతో పెకలించింది. నీటిధార తటాలున ఆగిపోయింది. స్త్రీలు గుండెలు బాదుకున్నారు.

"సభాపతీ!" అంటూ గురవన్న చేయెత్తాడు. అంత గందరగోళంలోనూ కోల కోసం చూస్తున్నాడు! శౌర్యకేతు కోల అతడి వైపు తిప్పాడు. "నేను తప్పు కుండలో వేశానయ్యా," అన్నాడు గురవన్న. "ఆ పాపిష్టివాణ్ణి పోనివ్వకండి!"

"సభ ముగిసింది," అన్నాడు శౌర్యకేతు. పలుకుకోలను భద్రంగా పీఠం మీద పెట్టి, ఒక్క దూకు దూకాడు.

కప్పులోని బిలం గుండా పైకి లేస్తున్న రాబందు కాలు అతడి చేతికి చిక్కింది. కొన ఊపిరిలా సన్నగిల్లిన కేకలూ, గుహా, గుట్టా, పోకతోటలూ కింద చిన్నవైపోయాయి. గాలి చెవుల్లో హోరెత్తింది. రాబందు ముక్కుతో పొడుస్తుంటే భుజాల నుంచి నెత్తురు కారుతున్నా, శౌర్యకేతు పట్టు వదలక ఒక్కొక్క జానే పైకి పాకుతున్నాడు. రెండో కాలి గోళ్ళలో నీలశంఖం క్షణక్షణానికీ ఎర్రబడుతోంది. మాడిన చర్మం వాసన వేసింది. కంకాళభద్రుడు బాధతో కీచుమన్నాడు.

తూర్పురేవు మొగ మీదికి వచ్చేసరికి కింద సముద్రం గిర్రున సుడి తిరిగింది. ఆ సుడిలోంచి తాటిమాను లావున్న పొలుసుల మెడ లేచింది. కడలినాగు ఆకాశంవైపు నోరు తెరిచింది. లోపల పెద్ద పెద్ద కోరలు, వాటి వెనక అంతులేని చీకటి.

"ఇదిగో, తీసుకో!" అని రాబందు వికటంగా నవ్వి గోళ్ళు విప్పింది.

శంఖం జారింది. పడుతూ పడుతూ ఎరుపు వదిలి మళ్ళీ నీలంగా మారింది. దీవి నీళ్ళన్నీ, ఒక చెల్లెలి ఊపిరీ దానిలోనే ఉన్నాయి. కోరల నడుమ ఒక్కసారి మిణుకుమని అది నల్లని గొంతులోకి దిగిపోయింది. కడలినాగు దవడలు మెల్లగా దగ్గరకు వస్తున్నాయి.

శంఖం పోయిన ఆ నోటినే గురిచూసి శౌర్యకేతు చేతులు వదిలేశాడు.